ఎదురింటామె ఒక్క అబద్ధం ఆడాలి

మా గల్లీలో ఎవరింట్లో పెళ్లి మాట మొదలైనా, అవతలివాళ్లు ముందు వచ్చేది ఆ ఇంటికి కాదు, మా పాల దుకాణానికి. లాల్‌దర్వాజాలో ఇది మా అత్తగారి కాలం నుంచీ ఉన్న పద్ధతి. పాలు పోసేవాళ్లకు ప్రతి ఇంటి తలుపూ తెలుసు, పొద్దున్నే ఆ తలుపు తీసే మనిషి ముఖం ఎలా ఉంటుందో తెలుసు. అందుకని పిల్లనిచ్చేవాళ్లూ, పిల్లను చేసుకునేవాళ్లూ చెప్పాపెట్టకుండా ఒక మనిషిని పంపుతారు. ఆ మనిషి అక్కర్లేకపోయినా పావుకిలో పెరుగు కొంటాడు. ఎండల గురించి మాట్లాడతాడు. తర్వాత గొంతు తగ్గించి, ఫలానా ఇంటివాళ్లు ఎలాంటివాళ్లమ్మా అని అడుగుతాడు. దీన్ని మేం ఎంక్వైరీ అంటాం.

అలా వచ్చినవాళ్లను నేను దూరం నుంచే పట్టేస్తాను. గల్లీ మనిషైతే తలవంచుకుని నడుస్తాడు, ఎందుకంటే మా రోడ్డు మీద ఎక్కడ ఏ గుంట ఉందో చూసుకోవాలి. ఎంక్వైరీకి వచ్చినవాడు తలెత్తి ఇళ్ల నంబర్లు చూసుకుంటూ గుంటలో కాలు పెడతాడు. అప్పుడే నేను కౌంటర్ తుడిచి, కొంగు సర్దుకుని, పెద్దమనిషిలా కూర్చుంటాను. మా అత్తగారు నాకు ఈ కుర్చీ అప్పగించినప్పుడు ఒకటే షరతు పెట్టింది. నీ కళ్లతో చూసింది చెప్పు, ఎవరో నీకు చెప్పింది చెప్పకు, అని. ఆ షరతు నేను తప్పలేదు. కాబట్టే నా మాటకు విలువ ఉండేది. నా మాట మీద కుదిరిన సంబంధాలున్నాయి, కుదరక తప్పిపోయి బతికిపోయిన ఆడపిల్లలూ ఉన్నారు. మనిషిని చూసి పోల్చుకోవడం నా విద్య అని నేను గట్టిగా నమ్మేదాన్ని.

ఆ విద్య నాకు కొసరు నేర్పింది. పాలు కొలిచి పోశాక పైన ఇంకో చిన్న ధార పోస్తాం కదా, అది. కొసరు దగ్గర మనిషి బయటపడినట్టు ఇంకెక్కడా బయటపడడు. కొందరు నోరు తెరిచి అడుగుతారు. కొందరు అడగరు, గిన్నె అలాగే పట్టుకుని నా చెయ్యి వైపు చూస్తారు. హుస్సేనీ ఆలం నుంచి మీగడ కోసం వచ్చే ఒక పెద్దాయన, నేను కొసరు పోస్తుంటే బస్ బస్ అంటాడు కానీ డబ్బా మాత్రం వెనక్కి తీయడు. తనకు పోసింది మరిచిపోయి పక్కవాడికి ఎంత పోశానో చూసేవాళ్లూ ఉన్నారు. వీళ్లంతా నాకు ఇష్టమే. ఆశ ఉన్న మనిషితో వేగడం తేలిక.

నాకు కొరుకుడు పడనిది ఎదురింటామె ఒక్కతే. ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్. మా బిడ్డ ఇంకా రెండు జడలు వేసుకుని బడికి పోయే రోజుల్లో వాళ్లు ఎదురింట్లో కిరాయికి దిగారు. ఆమె కిటికీ పక్కన మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. పొద్దున పాలకు వస్తుంది. కొలత పోయడం అయ్యీ కాకముందే గిన్నె వెనక్కి తీసుకుని, చాలక్కా, అంటుంది. మొదట్లో నేను అలవాటుగా కొసరు వంచేదాన్ని. అది బండ మీద పడేది. నా పాలు బండపాలు చేసి ఆమె చల్లగా గల్లీ దాటి వెళ్లిపోయేది. ఆ రోజుల నుంచీ ఆమె అంటే నాకు పడదు.

కాదు, ఇది పూర్తి నిజం కాదు. అసలు కారణం మా అత్తగారు.

మా అత్తగారు మనుషుల్ని చదవడంలో నాకంటే పెద్ద చెయ్యి. పొగడ్త ఆమె నోట్లోంచి రావడం చాలా అరుదు. ఆఖరి రోజుల్లో దుకాణం ముందు నవారు మంచం వేయించుకుని పడుకునేది. ఒకరోజు ఎదురింటామె పాలు పోయించుకుని వెళ్తుంటే ఆ వీపు వైపు చూసి, "మనిషంటే గామె" అంది. అంతే. నేను అక్కడే ఉన్నాను, చేతిలో కొలతతో. పెళ్లయి వచ్చినప్పటి నుంచి తెల్లవారకముందే లేచి ఆ ఇంటి పేడ ఎత్తిందాన్ని, ఆమెకు కాళ్లు పిసికిందాన్ని. మరి నేనేందత్తా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆమె నా గురించి జనంతో ఏమనేదో నాకు ముందే తెలుసు. కోడలు మంచిగ కష్టపడ్తది, అనేది. ఆ మాట మా కొట్టంలో బర్రెల గురించి కూడా అనేది.

ఆ పూట నుంచి నాకు కుళ్లు పట్టుకుంది. ఈ మాటకు ఇంకే ముసుగూ వేయను. కుళ్లే. ఎదురింటామె కిటికీ దగ్గర మిషను చప్పుడైతే నాకు పళ్లు కొరుక్కోవాలనిపించేది. గల్లీలో ఆడవాళ్లు నా దగ్గర పాలు పోయించుకుని, నా కౌంటర్‌కు ఆనుకుని, ఆమె ముచ్చట చెప్పుకునేవారు. ఎవరో అమ్మాయి అత్తింటి నుంచి అలిగి వస్తే ముందు ఆమె గడపలో కూర్చుందట. ఎవరో ముసలామె తాళంచెవి ఆమె దగ్గర పెట్టి ఊరికి పోయిందట. తాళంచెవి ఇవ్వాలనుకుంటే దుకాణం పెట్టుకుని రోజంతా ఇక్కడే కూర్చునేదాన్ని నేను లేనా? నా దగ్గర ఎవరూ పెట్టలేదు. నేను అడిగితే ఇచ్చేవాళ్లేమో. కానీ అడిగి తీసుకునే మర్యాదలో ఏం పస ఉంటుంది?

ఇంత మంచితనం నిజం కాదని నా నమ్మకం. ఎక్కడో కుట్టు ఊడాలి. ఒక్క అబద్ధం దొరికితే చాలనుకునేదాన్ని, చిన్నదైనా సరే. అందుకని ఆమెను గమనించడం మొదలుపెట్టాను. పండగ ముందు ఏ దర్జీ దగ్గరికి పోయినా కరెంటు పోయిందనో, మిషను ఖరాబైందనో చెప్తారు. ఆమె దగ్గరికి పోయినవాళ్లకు, మరిచిపోయిన, రేపు ఇస్త, అని చెప్పేది. తిట్టించుకునేది. మరుసటి రోజు ఇచ్చేది. అందులో నాకు పట్టు దొరకలేదు.

చివరికి నా జాకెట్టే ఇచ్చి చూశాను. కుట్టి ఇచ్చింది. చంకల దగ్గర పట్టేసింది. నలుగురిలో తప్పు పట్టవచ్చని, ఆడవాళ్లు నిండుగా ఉన్న సమయం చూసి ఆమె గుమ్మంలో నిలబడి గట్టిగా అడిగాను, కొలత తప్పిపోయిందేమిటని. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసి, కొలత జాకెట్టు పాతదిచ్చినవ్ అక్కా, గప్పటికన్న లావైనవ్, అంది. నవ్వుతూ కాదు, ఎగతాళిగా కాదు, బయట ఎండగా ఉంది అన్నట్టు అంది. అందరూ నా చేతుల వైపు చూశారు. ఆమె అక్కడికక్కడే కుట్టు విప్పి వదులు చేసి ఇచ్చింది. ఆ తర్వాత నేను జాకెట్లు బేగంబజార్ వైపు ఒకాయనకు ఇవ్వడం మొదలుపెట్టాను. ఆయన కుట్టినవి భుజాల మీద నుంచి జారిపోయేవి. పంతానికి అవే వేసుకుని తిరిగాను.

ఇలా ఉండగా మా బిడ్డ పెళ్లి మాట వచ్చింది. మా బిడ్డ ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో రక్తం తీసే పని చేస్తుంది. ఆమెకు అంతకుముందు ఒక సంబంధం కుదిరి, నిశ్చయం కూడా అయింది. నిశ్చయం అయ్యాక ఆ పిల్లాడు ఫోన్లో, మీ బాపు పాలు అమ్ముతాడని నా దోస్తులతో అనకు, బిజినెస్ అని చెప్పు, అన్నాడట. మా బిడ్డ ఆ సాయంత్రమే మాతో ఈ సంబంధం వద్దని చెప్పేసింది. మేం బతిమాలాం, బెదిరించాం, ఏడ్చాం. ఆమె ఏడవలేదు. వాళ్లు పెట్టిన చీర మడతపెట్టి కవర్లో వేసి, నాన్న చేతికిచ్చి పంపించింది. గల్లీ మొత్తానికి ఈ సంగతి తెలుసు.

నిశ్చయం పోయిన ఆడపిల్ల అంటే ఎలా చూస్తారో వేరే చెప్పక్కర్లేదు. పోగొట్టింది పిల్లే అంటే ఇంకా ఘోరం. రెండు మూడు చోట్ల ఆ ముక్క తెలియగానే మాట వెనక్కి పోయింది. ఆ తర్వాత ఒక మంచి సంబంధం వచ్చింది. పిల్లాడు నీళ్ల బోర్డులో పని చేస్తాడు, మా బిడ్డ ఫోటో చూసి ఇష్టపడ్డాడు, మా బిడ్డకూ నచ్చాడు. ఈసారి మా ఆయనా నేనూ ఒక మాట అనుకున్నాం. ముందు వాళ్లు ఇంటికి రానీ, పిల్లను చూడనీ, నచ్చిందని చెప్పనీ, ఆ తర్వాత మెల్లగా పాత సంగతి చెబుదాం. దాచడం కాదు, వరస మార్చడం. మా బిడ్డకు ఇది నచ్చలేదు. ముందే చెప్పండి అంది. మేం వినలేదు.

ఒకటి మాత్రం నాకు తట్టలేదు. ఇన్నేళ్లు అందరి ఎంక్వైరీలూ నా దగ్గరికి వచ్చాయి కదా. మరి నా ఇంటి ఎంక్వైరీకి వచ్చినవాళ్లు ఎక్కడికి పోతారు? పాల దుకాణానికి రాలేరు, దుకాణమే పిల్ల ఇల్లు. దుకాణానికి సరిగ్గా ఎదురుగా, కిటికీ తెరుచుకుని, రోజంతా మా గుమ్మం కనబడేలా కూర్చునే మనిషి ఒక్కతే ఉంది.

ఆ పొద్దున నేను పాలు పోస్తూ ఉన్నాను. భుజానికి సంచీ వేసుకున్న ఒక భారీ ఆడమనిషి తలెత్తి నంబర్లు చూసుకుంటూ వచ్చి, గుంటలో కాలు పెట్టి, చెప్పు విదిల్చింది. ఆమె మా దుకాణం బోర్డు వైపు ఒకసారి చూసి, వెంటనే ముఖం తిప్పుకుని, ఎదురింటి గుమ్మం ముందు ఆగింది. నేనైనా అలాగే చేసేదాన్ని. మిషను చప్పుడు ఆగిపోయింది. ఎదురింటామె పీట వేసింది. ఇద్దరూ కూర్చున్నారు.

నా ముందు జనం బారులు తీరి ఉన్నారు. నేను ఎవరికి ఎంత పోశానో నాకే తెలియదు. మీగడ కోసం వచ్చిన పెద్దాయనకు పెరుగు పోశాను. ఆయన పాపం, చలేగా బేటా, అని అదే పట్టుకుపోయాడు. నా కళ్లు ఎదురు గుమ్మం మీదే. ఆ భారీ మనిషి అడుగుతోంది, ఎదురింటామె సూదిలోకి దారం ఎక్కిస్తూ జవాబు చెబుతోంది. ఒకసారి తలెత్తి మా ఇంటి పై అంతస్తు వైపు చూసింది. అక్కడ మా బిడ్డ తువ్వాలు ఆరేసి ఉంది.

అప్పుడు నా మనసులో జరిగింది చెబుతాను. ఇన్నేళ్లుగా ఆమె నోట ఒక్క అబద్ధం వినాలని కాచుకున్నాను. ఈరోజు నా బిడ్డ పెళ్లి ఆమె ఒక అబద్ధం ఆడడం మీదే ఆధారపడింది. పాత సంబంధం ఏదీ లేదని ఒక్క మాట అంటే చాలు. ఆడవే తల్లీ, నీకు దండం పెడతాను, అనుకున్నాను. అదే ఊపిరిలో, ఆడితే బాగుంటుంది, అప్పుడు నువ్వు కూడా అందరిలాంటిదానివే అని నాకు తెలిసిపోతుంది, అని కూడా అనుకున్నాను. రెండు లాభాలు ఒకేసారి. అలాంటి సమయంలో కూడా నా కుళ్లు తన వాటా తను చూసుకుంది.

ఆ మనిషి చాయ్ తాగి వెళ్లిపోయింది. మధ్యాహ్నం గిరాకీ సద్దుమణిగాక ఎదురింటామె గల్లీ దాటి వచ్చింది. చేతిలో గిన్నె లేదు.

"అక్కా, నీ బిడ్డ గురించి అడగనీకె ఒకామె వచ్చింది."

చూశానని చెప్పాను.

"ఇంతకుముందు సంబంధం ఏమన్న కుదిరెనా అని అడిగింది. కుదిరిందని చెప్పిన. పిల్లనే వద్దన్నదని గుడ చెప్పిన."

కౌంటర్ అంచు పట్టుకున్నాను.

"తెల్వదంటే ఏం పోతుండె నీకు?"

ఆమె నిజంగానే ఆలోచించింది.

"తెలుసు కదక్కా" అంది.

ఇక నేను అన్న మాటలన్నీ ఇక్కడ రాయను. నా బిడ్డ ఉసురు తగులుతుందన్నాను. నీ మంచితనం పాడుగాను అన్నాను. మా అత్తగారిని కూడా మధ్యలోకి లాగాను, ఆ మాట ఆమెకు ఏం అర్థమైందో ఏమో. గల్లీలో కిటికీలు తెరుచుకున్నాయి. ఆమె నేను ఆగేదాకా ఉండి, వాళ్ల నోట వినేకన్న నా నోటితోని వింటె మంచిదని వచ్చిన, అని చెప్పి వెళ్లిపోయింది. కొద్దిసేపటికి మిషను చప్పుడు మళ్లీ మొదలైంది. ఆ చప్పుడుకు నాకు ఇంకా మండింది. ఇంత జరిగాక కూడా చెయ్యి వణకకుండా కుట్టగలిగే మనిషి మీద ఎవరికి మాత్రం మండదు?

సాయంత్రం మా ఆయన తలపట్టుకుని కూర్చున్నాడు. మా బిడ్డ డ్యూటీ నుంచి వచ్చి, అంతా విని, చెప్పులు విప్పుతూ, మంచిగైంది, అంది. నేను కస్సుమన్నాను. ఆమె నా పక్కన కూర్చుంది.

"బాపు పాలమ్ముడు దాచమన్నోనికి, గిది దాచే మనకు ఏం ఫరక్ ఉంటదమ్మా?"

జవాబు లేకపోతే నేను ఏం చేస్తానో మా ఇంట్లో అందరికీ తెలుసు. లేచి వంటింట్లోకి పోయి గిన్నెలు గట్టిగా కడిగాను. కడుగుతూ ఇంకో సంగతి గమనించి ఇంకా కుళ్లుకున్నాను. నా బిడ్డ మాట తీరు నాలా లేదు. ఎదురింటామెలా ఉంది. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి ఆ కిటికీ కింద గుడ్డ ముక్కలతో ఆడుకునేది. అప్పుడే అంటుకుందేమో అనిపించింది.

తర్వాత కొన్నాళ్లు ఆ వైపు నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఎదురింటామె రోజూ పాలకు వచ్చింది. నేను ముఖం పక్కకు పెట్టి పోశాను. ఎప్పుడూ లేనిది, ఆమె గిన్నె లాగేసుకోకముందే నేనే కొలత తీసేశాను. ఆమెకు తేడా తెలిసినట్టు కూడా లేదు. గల్లీలో ఆడవాళ్లు రెండు జట్లయ్యారు. ఎక్కువమంది నా వైపే మాట్లాడారు, ఆమె అలా చెప్పకుండా ఉండాల్సింది, ఆడపిల్ల విషయం కదా, అని. ఇన్నేళ్లలో మొదటిసారి గల్లీ నా పక్షాన నిలబడింది. నాకు సంతోషంగా ఉండాల్సింది. బిడ్డ ముఖం చూస్తే ఆ సంతోషం మిగిలేది కాదు. ఆ పిల్లాడి మాట ఆమె పైకి ఎత్తకపోయినా, ఫోన్ మోగినప్పుడల్లా తల తిప్పి చూసేది.

ఒకరోజు ఫోన్ వచ్చింది. శుక్రవారం పిల్లను చూడడానికి వస్తాం, అన్నారు. మా ఆయన ఫోన్ పెట్టేసి, ఎదురింటామె చెప్పలేదేమోనే, అన్నాడు. అదే నిజమని నేను కూడా అనుకున్నాను. చెప్పానని నాతో అబద్ధం ఆడిందేమో, నన్ను ఏడిపించడానికి. ఆ ఆలోచన రాగానే, నిజం చెబుతున్నా, నాకు ప్రాణం లేచి వచ్చింది. దొరికిందనుకున్నాను.

శుక్రవారం వాళ్లు వచ్చారు. పిల్లాడు, తల్లిదండ్రులు, వాళ్లతో పాటు భుజానికి సంచీ వేసుకున్న ఆ భారీ మనిషి. పిల్లాడికి మేనత్తట. ఆ ఇంట్లో ఆమె మాటే మాట అని చూడగానే తెలిసిపోయింది, ఎందుకంటే అందరూ కూర్చునే ముందు ఆమె ఎక్కడ కూర్చుంటుందో చూశారు. నేను చాయ్ పెడదామని లోపలికి వెళ్తే ఆమె నా వెనకే వంటింట్లోకి వచ్చింది. పొయ్యి పక్కన నిలబడి, చుట్టూ చూసి, నా వైపు తిరిగింది.

"వదినె, ఒకటి చెప్త, ఏమనుకోకు. పిల్ల సంగతి ఎదురింటామె అంత చెప్పింది. నిశ్చయం ఎందుకు పోయిందో గది గుడ చెప్పింది. మరి తల్లి ఎట్లాంటిదమ్మా అని అడిగిన. నేనంటె ఆమెకు పడదు, అన్నది."

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. పాలవ్యాపారం చేసేదాన్ని, నా ఇంట్లో పాలు పొంగిపోవడం అదే మొదలు. నేను గుడ్డ కోసం వెతుక్కున్నాను. ఆమె పొయ్యి ఆర్పి చెబుతూనే ఉంది.

"నువ్వంటె పడనోళ్ల గురించి మంచి ఎట్ల చెప్తున్నవని అడిగిన. గప్పుడు ఏమన్నదో తెల్సా? నేనంటె పడదని ఇన్నేండ్లల్ల ఒక్కనాడు దాచలేదు, అన్నది. నవ్వుకుంట మాట్లాడి పక్కకు పోయి ఇంకోటి చెప్పలేదు. మా ఆయన దవాఖానల పడ్డప్పుడు గదే మాడు మొఖం పెట్టుకొని పొద్దుగాల్నే పాలు తెచ్చి నా గడపల పెట్టి పోయింది, ఒక్క మాట మాట్లాడలె. గా తల్లి కడుపున పుట్టిన పిల్ల, సరే అన్నదంటె సరే, వద్దన్నదంటె వద్దు. మీకు గసుంటి మనిషి కావాల్నంటె చేసుకోండ్రి, లేకుంటె ఒద్దు, అన్నది."

ఆమె ఇంకో మాట కూడా అంది. మా ఇంట్ల అందరు నవ్వుకుంట కత్తులు నూరుతరు వదినె, మా పిల్లగానికి గిట్లాంటి ఇల్లు కావాలె, అని. ఆ మాట నా చెవిన పడింది కానీ లోపలికి పోలేదు. నేను ఇంకా మొదటి ముక్క దగ్గరే ఉన్నాను.

దవాఖాన పాలు నాకు గుర్తే లేవు. గుర్తు చేసుకుంటే వచ్చాయి. ఎవరో పోయాలి కదా అని పోశాను, తిట్టుకుంటూనే పోశాను. ఎదురింటామె గడపలో గిన్నె పెట్టేటప్పుడు ఆమె చూడకూడదని కూడా అనుకున్నాను. ఆమె చూసింది. నేను ఆమెలో అబద్ధం వెతుకుతూ ఉన్న అన్నేళ్లూ, ఆమె మిషను తొక్కుతూ నన్ను చూసింది. చూసి, నాలో మా అత్తగారికి కూడా కనబడనిది ఏదో పట్టుకుంది. నా కుర్చీలో కూర్చుని గల్లీ మొత్తాన్ని చదివానని విర్రవీగాను. నాకు కొసరు పోసే చెయ్యి ఉంది, ఎంక్వైరీల పేరు ఉంది. ఆమెకు ఉత్త కిటికీ ఉంది. అయినా మనిషిని గుర్తుపట్టడంలో ఆమే గెలిచింది.

నాకు ఏడుపు రాలేదు. ఆమె మీద ప్రేమ కూడా పుట్టుకురాలేదు. నాకు వచ్చింది కుళ్లే, ఇదివరకటికంటే పెద్దది. ఇదివరకు ఆమె మంచిపేరు మీద కుళ్లు ఉండేది, ఇప్పుడు ఆమె చూపు మీద పుట్టింది. ఆ చూపు నాకుంటే ఎంత బాగుండేది అనిపించింది. మేనత్త నా భుజం మీద చెయ్యి వేసి, చాయ్ ఇటియ్యి, అందరు చూస్తున్రు, అంది.

సంబంధం కుదిరింది. నిశ్చయానికి ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరం, పసుపు కుంకుమ బేగంబజార్ నుంచి తెచ్చుకున్నాం. గల్లీలో ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి పిలవాలి. ఎదురిల్లు ఆఖరికి ఉంచాను. వెళ్లేసరికి ఆమె మిషను ఆపి లేచి నిలబడింది. బొట్టు పెట్టాను. ఇంత దగ్గరగా ఆమె ముఖం నేను ఎప్పుడూ చూడలేదు. కళ్ల కింద నలుపు, కుట్టుపని వాళ్లకు వచ్చేది. చాలా మాటలు అనుకుని వెళ్లాను. ఒక్కటే బయటికి వచ్చింది.

"నువ్వంటె నాకు ఇప్పటికి పడదు."

"తెలుసక్కా" అంది ఆమె. "వస్త."

నిశ్చయం రోజు గల్లీలో షామియానా వేశాం. మా బిడ్డ పట్టుబట్టి జాకెట్టు ఎదురింటామె దగ్గరే కుట్టించుకుంది. అది ఆ పిల్ల ఒంటి మీద ఎంత అందంగా కూర్చుందంటే, వచ్చినవాళ్లంతా ముందు జాకెట్టు గురించి అడిగి తర్వాత పిల్లను అడిగారు. ఒడి నింపేటప్పుడు మేనత్త, ఎదురింటామె ఏదీ, అని కేకేసి పిలిచి, ముందు ఆమె చేత కుడుకలు పెట్టించింది. కన్నతల్లిని నేను పక్కనే పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. ఆమె రెండు చేతులతో కుడుకలు ఒడిలో వేస్తూ, నా బిడ్డ పైట జారితే సరిచేసింది. నా బిడ్డ వంగి ఆమె కాళ్లకు మొక్కింది.

తర్వాత ఫోటోలు. ఫోటోలు తీసే అతను అందరినీ వరసగా నిలబెట్టి, అటు జరగండి, ఇటు జరగండి అని లొల్లి పెట్టాడు. ఎదురింటామెను మేనత్త చెయ్యి పట్టుకుని ముందు వరసలో నా పక్కన నిలబెట్టింది. అమ్మా మీరు జర నవ్వుండ్రి, అన్నాడతను నాతో. నేను నవ్వలేదు. ఇంకోసారి అన్నాడు. అప్పుడు మా బిడ్డ, అమ్మను అట్లనే ఉండనియ్యి అన్నా, అంది. మేనత్త పకపకా నవ్వింది. పిల్లాడు నవ్వాడు. ఎదురింటామె కూడా నవ్వింది. ఆమె నవ్వడం ఇంత దగ్గర నుంచి నేను చూడడం అదే మొదటిసారి.

ఆ ఫోటో పెద్దది చేయించి మా ఆయన దుకాణంలో తగిలించాడు. పాలకు వచ్చినవాళ్లంతా చూస్తారు. అందులో అందరూ కెమెరా వైపు చూసి నవ్వుతున్నారు. నేను ఆమె వైపు చూస్తున్నాను, అదే ముఖంతో.